నా తలలో కరెంటు, ఆయన చేతిలో రిమోటు

నన్నడిగిన ప్రశ్నకు మా ఆయన జవాబు చెప్పడం ఎప్పుడు మొదలైందో నాకు బాగా గుర్తుంది. నా చెయ్యి వణకడం మొదలైనప్పుడు కాదు, ముఖం బిగుసుకుపోయినప్పుడు. చెయ్యి వణికితే జనం జాలిపడతారు. ముఖం కదలకపోతే మాత్రం ఈమెకు బుర్ర కూడా కదలడం లేదనుకుంటారు. పార్కిన్సన్స్ జబ్బులో ముఖంలోని కండరాలు కూడా బిర్రుగా అయిపోతాయి. నవ్వు లోపలే పుట్టి లోపలే ఆగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, డాక్టర్లకు తెలుసు. బుక్కరాయసముద్రంలో మా వీధికి తెలీదు. పాలు పోసే ఆమె వాకిట్లో నిలబడి, నన్ను చూస్తానే, నా వెనకున్న ఆయన్ను అడిగేది, "అమ్మ అన్నం తినిందా సార్?" అని.

"తినింది," అనేవాడు ఆయన.

నేను అప్పటికింకా తినుండను.

నేను ఉద్యోగమంతా గుత్తి స్టేషన్లో చేసినాను. విచారణ కౌంటర్లో కూర్చుని, వచ్చే బండ్లు, పోయే బండ్లు మైకులో చెప్పే పని. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనాడు. ఇద్దరమూ రిటైరైనాక ఇక్కడ చిన్న మిద్దె కట్టుకున్నాం. ఒక్కతే కూతురు, హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

జబ్బు వచ్చిన కొత్తలో మాత్రలు బాగానే పనిచేసినాయి. మింగితే చాలు, మామూలు మనిషినయ్యేదాన్ని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మామూలు మనిషి ఉండే సమయం కురచైపోయింది. మాత్ర పని మొదలుపెట్టేదాకా కట్టెలా పడుండడం, పని మొదలుపెట్టినాక కాసేపు లేచి తిరగడం, మధ్యలో మోతాదు ఎక్కువైతే ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం, మళ్లీ కట్టె. ఇల్లు ఊడవడం, బట్టలు మడవడం, ఎవరికైనా ఫోన్ చేయడం, అన్నీ ఆ కాసేపట్లోనే. ఆ కాసేపట్లోనే ఎవరైనా వచ్చి కూర్చుంటే నాకు ఎంత చిరాకు వచ్చేదో చెప్పలేను. ముఖంలో కనపడదు కాబట్టి వాళ్లు ఇంకాసేపు కూర్చునేవాళ్లు.

అన్నిటికంటే విసుగు తెప్పించేది గడప. గడప దగ్గరికి రాగానే నా కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. అడుగు వేయాలని నాకుంటుంది, కాలుకు ఉండదు. ఆయన వెనక నిలబడి, "నడువు, నడువు, ఏముంది ఆడ?" అనేవాడు. ఏమీ లేదని నాకూ తెలుసు. ఆయన నడువు అన్నప్పుడల్లా ఇంకా అతుక్కుపోయేదాన్ని.

ఆపరేషన్ మాట మొదట తెచ్చింది మా కూతురు. అనంతపురంలో చూసే డాక్టరు, మాత్రలతో ఇంతకంటే కాదు, బెంగళూరు పోయి అడిగి చూడండి, మెదడులోకి సన్నని తీగలు పెట్టే ఆపరేషన్ ఉంది అని చెప్పినాడట. మా ఆయన ఒప్పుకోలేదు.

"ఈ వయసులో తలకు బెజ్జాలేంది? ఉన్నదీ పోతాది."

ఆయన అక్క చిలమత్తూరులో ఉంటుంది. నాకు వదిన. ఆమెకు ఎవరు చెప్పినారో, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. నాకు కాదు, తమ్మునికి. "ముసలిదానికి ఎందుకురా ఇప్పుడు ఈ అవస్థ? దేవుడిచ్చిన జబ్బు. నిమ్మళంగా ఒక మూలన కూర్చుంటే సరిపోలేదా?" ఫోన్ స్పీకరులో పెట్టుకోవడం ఆయనకు అలవాటు. నేను పక్కనే ఉండి అంతా విన్నాను. వదిన నాకంటే పెద్దది. రెండు మోకాళ్లూ మార్పించుకోనుండాది. ఆ ఆపరేషన్‌కు దేవుని అనుమతి ఎప్పుడు తీసుకుందో నాకు తెలీదు.

కూతురు ఊరుకోలేదు. సెలవు పెట్టి వచ్చి మమ్మల్నిద్దర్నీ బెంగళూరు పిల్చుకోని పోయింది. డాక్టరమ్మ కన్నడ ఆమె, తెలుగు బాగానే మాట్లాడుతుంది. మెదడు బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, సన్నని తీగ ఇక్కడిదాకా పోతుంది, ఆ తీగ మెడ చర్మం కిందుగా దిగి, భుజం ఎముక కింద పెట్టిన బ్యాటరీకి కలుస్తుంది, దాన్నుంచి కొద్దిగా కరెంటు పోతూ ఉంటుంది అని చెప్పింది.

కరెంటు అనే మాట వినగానే మా ఆయన కుర్చీలో ముందుకు జరిగినాడు.

"ఎన్ని వోల్టులు మేడం?"

ఆమె చెప్పింది. ఎర్తింగ్ ఎట్ల అని అడిగినాడు. వర్షాకాలంలో పిడుగులు పడితే ఎట్ల అని అడిగినాడు. ఆమె ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ గదిలోకి పోయేటప్పుడు ఆపరేషన్ వద్దన్న మనిషి, బయటికి వచ్చేటప్పుడు తనే కనిపెట్టినట్టు మాట్లాడినాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో ఎదురుగా కూర్చున్న వాళ్లకు, వాళ్లు మధ్యలో దిగేదాకా ఇదే కథ. "మా ఇంటామెకు తలలో లైన్ లాగుతాండారు. ట్రాన్స్‌ఫార్మరు ఈడ," అని తన భుజం కింద తట్టి చూపించినాడు. వాళ్లు నన్ను జాలిగా చూసి, ఏమైంది ఆమెకు అని ఆయన్నే అడిగినారు.

ఆపరేషన్‌కు నేను పనికొస్తానో లేదో చూసేందుకు ఇంకోసారి రమ్మన్నారు. ముందురోజు నుంచే మాత్రలు ఆపమన్నారు. పొద్దున ఆసుపత్రికి చేరేసరికి నన్ను చక్రాల కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. అట్లనే నడిపించి చూసినారు, వేళ్లు కదిలించమన్నారు, గుండ్రని గీత గీయమన్నారు. తర్వాత మాత్రలిచ్చి, అవి పనిచేసినాక మళ్లీ అన్నీ మొదట్నుంచి చేయించినారు. మాత్రకు ఒళ్లు ఎంత లొంగితే ఆపరేషన్‌కు కూడా ఇంచుమించు అంత లొంగుతుందట.

జ్ఞాపకశక్తి పరీక్ష ఒక చిన్న వయసు ఆమె చేసింది. కోలారు పక్క అమ్మాయి.

"ఇది ఏ ఊరమ్మా?"

"బెంగళూరు," అన్నాడు మా ఆయన.

"ఈరోజు ఏ వారం?"

"బుధవారం."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "సార్, మీ జ్ఞాపకశక్తి చాలా బాగుంది. ఇప్పుడు అమ్మగారిది చూడాలి. మీరు బయట కూర్చుంటారా?"

ఆయన తలుపు దగ్గర కాసేపు తచ్చాడి, పోయినాడు. నేను ఆ పరీక్ష మొత్తం నిదానంగా రాసినాను. గడియారం గీయమంటే గీసినాను, అంకెలు వెనక్కి చెప్పమంటే చెప్పినాను, ఆమె చెప్పిన మాటలు కాసేపాగి అడిగితే అన్నీ చెప్పినాను. ఈ జబ్బులో జవాబు తెలీక ఆలస్యం కాదు, నోటిదాకా రావడానికి టైం పడుతుంది. ఆ టైం ఇచ్చే మనిషి దొరకడమే అరుదు. ఆ అమ్మాయి ఇచ్చింది.

డాక్టరమ్మ చివర్లో మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచింది. "ఈ ఆపరేషన్ వల్ల మీకేం కావాలి?" అని అడిగింది.

"మామూలు మనిషి కావాల మేడం," అన్నాడు ఆయన.

ఆమె నావైపే చూస్తూ ఉండిపోయింది. నేను మాటలు కూడగట్టుకుని చెప్పినాను. "పక్కమీద నా అంతట నేను పొర్లాల. చీర కుచ్చిళ్లు నేనే పోసుకోవాల. అన్నం కలుపుకోని నా చేత్తో తినాల."

"ఇవి వస్తాయని అనుకుంటున్నాను. వణుకు తగ్గుతుంది, బిగుతు తగ్గుతుంది, మాత్రలు తగ్గించొచ్చు. జబ్బు పోదు. నడకలో తూలు పోకపోవచ్చు. కొందరికి మాట సన్నబడుతుంది. తలలో రక్తం కారే అపాయం, చీము పట్టే అపాయం తక్కువే, కానీ ఉంటాయి. మీ వయసుకు ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తాం."

"వయసు ఎక్కువైందా?" అని మా కూతురు అడిగింది.

"వయసు ఒక్కటే చూడం. గుండె బాగుంది, బుద్ధి బాగుంది. అమ్మ తనకేం కావాలో చెప్పింది. అది ముఖ్యం."

బయటికొచ్చినాక ఆయన నాతో అన్నాడు, "మంచిగా చెప్పినావు." స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు.

ఆపరేషన్‌కు ముందు జుట్టు తీసేసినారు. నాకు నడుముదాకా జుట్టు ఉండేది. చెయ్యి సరిగా రాక నేను జడ వేసుకోలేకపోతే ఆయనే వేసేవాడు. కరెంటు తీగ చుట్టినట్టు బిగించి పెట్టేవాడు. ఆ జుట్టు రాలి కిందపడితే ఆయన కళ్లలో నీళ్లు తిరిగినాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎవరూ నాకు ఒక మాట చెప్పి తీయలేదు, కూర్చోబెట్టి మిషన్ పెట్టేసినారు.

తలకు ఇనుప చట్రం బిగించినారు. మెలకువగానే ఉండాలన్నారు, మత్తు తలమీద చర్మానికే. మా పక్క బోరు బండి శబ్దం తెలీని మనిషి ఉండడు. మా నాయన చేన్లో బోరు వేయించినప్పుడు పొద్దంతా గట్టున కూర్చుని ఆ శబ్దం విన్నాను, చివరికి దుమ్మే లేచింది. అదే శబ్దం ఇప్పుడు నా తలలోంచే వచ్చింది. నొప్పి లేదు, కానీ పళ్లన్నీ అదిరినాయి.

తీగ లోపలికి పోతూ ఉంటే డాక్టరమ్మ, "ఏదైనా మాట్లాడుతూ ఉండండమ్మా, ఆపొద్దు," అంది. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంట్లో ఎవరూ నన్ను మాట్లాడమని అడిగి చాలా కాలమైంది. అలవాటు కొద్దీ నోటికొచ్చింది చెప్పినాను. "ప్రయాణికులకు గమనిక. గుంతకల్లు మీదుగా పోవలసిన పాసింజరు బండి మరికొద్ది సేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును." వెనక ఎవరో నవ్వినారు. తర్వాత అదే హిందీలో చెప్పినాను, ఇంగ్లీషులో చెప్పినాను. మూడో భాష సగంలో ఉండగా నా కుడిచెయ్యి ఆగిపోయింది. అన్నేళ్లుగా నిద్రలో తప్ప ఆగని చెయ్యి. ఒడిలో ఎవరిదో చెయ్యి తెచ్చి పెట్టినట్టు అనిపించింది. నేను మాట ఆపి దాన్నే చూసినాను.

"మాట్లాడండమ్మా," అంది ఆమె మళ్లీ.

గాయాలు మానినాక, కొన్ని వారాలకు పిలిచి, బ్యాటరీని ఆన్ చేసినారు. ఆ రోజు సాయంత్రం కూతురి ఇంట్లో పప్పన్నం కలుపుకుని నా చేత్తో తిన్నాను. మెతుకు కింద పడలేదు. పడుకున్నాక ఎవరినీ లేపకుండా పక్కకు పొర్లినాను. మళ్లీ ఇటు పొర్లినాను. ఊరికే, పొర్లడం కోసమే పొర్లినాను. ఇది మాత్రం విసుగు లేకుండా చెప్పుకోగలను.

విసుగు బుక్కరాయసముద్రం వచ్చినాక మొదలైంది.

మాకు ఒక రిమోటు ఇచ్చినారు. చిన్న ఫోను లాగ ఉంటుంది. బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవచ్చు, అవసరమైతే ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. అది నాకిచ్చినారు. ఇంటికొచ్చే లోపల మా ఆయన చొక్కా జేబులోకి పోయింది.

"అది నా దగ్గర పెట్టు," అన్నాను.

"కరెంటు వస్తువు. నీకు తెలీదు. నేనుండాను కదా."

మొదట పక్కింటివాళ్లు వచ్చినారు. తర్వాత వెనక వీధి వాళ్లు. ఆయనతో పనిచేసిన పాత లైన్‌మన్లు వచ్చినారు. అందరికీ నా మెడ మీద తీగ ఉబ్బు చూపించేవాడు, భుజం కింద బ్యాటరీ ఉబ్బు చూపించేవాడు. నేను కొంగు కప్పుకుంటే, "సిగ్గేంది, వైద్యమే కదా," అనేవాడు. నా చెయ్యి ఆగిందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ముందు ఎంత వణికేదో వాళ్లందరికీ తెలుసు.

"ఆపితే మళ్లీ వస్తాదా అన్నా?" అని ఒక పాత లైన్‌మన్ అడిగినాడు.

మా ఆయన రిమోటు తీసి, నన్ను ఒక మాట అడక్కుండా, నొక్కినాడు. నా చెయ్యి మొదలైంది. అందరూ ముందుకు వంగి చూసినారు. మళ్లీ నొక్కినాడు, ఆగింది. "చూసినావా," అన్నాడు ఆయన. వాళ్లు చప్పట్లు కొట్టలేదు కానీ, ఇంకొంచెముంటే కొట్టేవాళ్లే.

ఆ రాత్రి చెప్పినాను, ఇంకోసారి చేయొద్దని. కరెంటు ఆగితే నాకు ఎట్లుంటుందో చెప్పినాను. నీళ్లలో మునిగినట్టు ఉంటుంది, నా ఒళ్లు నాకు కాకుండా పోతుంది అన్నాను. "సరేలే," అన్నాడు. ఆయన సరేలే అంటే ఏమిటో పెళ్లైనప్పటి నుంచి నాకు తెలుసు.

వదిన చిలమత్తూరు నుంచి కోడలిని, కోడలి తల్లిని వెంటబెట్టుకుని కారు మాట్లాడుకుని వచ్చింది. నేను పొద్దున్నే లేచి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసినాను, బజ్జీలు వేసినాను. నూనె దగ్గర నిలబడి నా చేత్తో బజ్జీలు వేసి ఎన్నేళ్లైందో. వాళ్లకు పళ్లేలు అందిస్తా ఉన్నాను. వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నిజంగానే బాగైపోయినావే. ఆ మిషన్ ఆపితే ఎట్లుంటావో చూడాలప్పా నేను."

"వద్దు," అన్నాను.

"రవ్వంతసేపే," అన్నాడు మా ఆయన, జేబులోంచి రిమోటు తీస్తా.

"వద్దంటాండా కదా."

ఆయన నొక్కినాడు. నా చేతిలో పళ్లెం ఉంది. ముందు చెయ్యి, తర్వాత దవడ, తర్వాత కాలు. పళ్లెం కింద పడింది, ఉగ్గాని నేలంతా అయింది. నేను కూర్చోవాలనుకున్నాను, మోకాళ్లు వంగలేదు. కోడలు వచ్చి పట్టుకుని కుర్చీలో కూలేసింది. వదిన నా చెయ్యి పట్టుకుని, అంగట్లో సొరకాయ చూసినట్టు తిప్పి చూసింది.

"అయ్యో, నిజమే. అట్లనే వణుకుతాంది."

"ఇంక ఆన్ చెయ్యి నాయనా," అంది కోడలి తల్లి.

ఆయన నొక్కినాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కినాడు. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. కళ్లజోడు వెతుక్కున్నాడు. చదివినాడు, అర్థం కాలేదు. ఇంకోచోట నొక్కినాడు, వేరే పేజీ వచ్చింది. నా ఒళ్లు క్షణక్షణానికీ బిగుసుకుంటా ఉంది. పాత రోజుల్లో మాత్ర పని అయిపోయినప్పుడు ఎట్లుండేదో అదంతా తిరిగొచ్చింది. ఇప్పుడు మాత్రలు సగానికి పైగా తగ్గించినారు కాబట్టి అంతకంటే ఘోరంగా వచ్చింది.

కోడలు మా కూతురికి వీడియో కాల్ చేసింది.

"నాయనా, అది ఎందుకు ఆపినావు?" అని అడిగింది మా కూతురు.

"మీ అత్తకు చూపిద్దామని."

కూతురు రిమోటు స్క్రీన్‌ను ఫోనుకు చూపించమంది. తర్వాత, "ఆ పేజీ వెనక్కి పో. రిమోటును అమ్మ భుజానికి ఆనించి పెట్టు. ఇప్పుడు నొక్కు," అని ఒక్కొక్కటే చెప్పింది. మూడోసారికి ఆన్ అయింది. చెయ్యి ఆగింది. బిగువు మెల్లగా సడలింది.

"అందుకే అప్పుడే చెప్పినా, ఈ వయసులో వద్దని," అంది వదిన.

నేను లేచి నిలబడినాను. అన్నేళ్ల కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చింది. ఆయన్ను చూసి, "నన్ను అడక్కుండా నా ఒంటిని ఎట్ల ఆపుతావు నువ్వు?" అని అరిచినాను.

అరిచినాననే అనుకున్నాను. బయటికొచ్చింది గుసగుస.

"ఏమంటాండావు?" అన్నాడు ఆయన.

మళ్లీ చెప్పినాను. పొట్ట బిగబట్టి, ఉన్న గాలంతా పెట్టి చెప్పినాను. మాటలు ఒకదానిమీద ఒకటి పడి నలిగిపోయినాయి.

"గట్టిగా చెప్పు, వినపళ్లేదు."

"నీళ్లు అడుగుతాందేమో," అంది వదిన.

కోడలు గ్లాసుతో నీళ్లు తెచ్చి నా నోటికి పెట్టింది. ఆ నీళ్లు తాగినాను. ఏం చేయాల?

గొంతు సన్నబడిందని అంతకు ముందే నాకు అనుమానం ఉండేది. ఫోనులో కూతురు, ఏందమ్మా ఏందమ్మా అని రెండుసార్లు అడిగేది. కూరగాయల బండాయన వంకాయ అడిగితే బెండకాయ ఇచ్చేవాడు. నడవడం, తినడం వచ్చిన సంతోషంలో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా దాన్ని వెనక్కి నెట్టినాను. ఆరోజు తెలిసింది, చెయ్యి నాదైంది, నోరు పోయింది అని. గుత్తి స్టేషన్లో ఆ చివర చెట్టుకింద నిద్రపోయే కూలీ కూడా నా గొంతు విని లేచేవాడు. ఇప్పుడు పక్క కుర్చీలో మనిషికి నేను తిట్టే తిట్టు అందదు.

వాళ్లు వెళ్లినాక రిమోటు ఆయన జేబులోంచి నేనే తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. ఆదివారం కూతురు వచ్చి గుడ్డతో చిన్న సంచి కుట్టి ఇచ్చింది, చీర నడుముకు దోపుకునేట్టు. వాళ్ల నాయనతో గదిలో ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. ఆయన బయటికొచ్చి నేరుగా చెరువు కట్ట వైపు పోయినాడు, ఎండలో. చెరువులో నీళ్లు లేవు, చూడ్డానికి కూడా ఏమీ లేదు ఆడ.

తర్వాతి నెల బెంగళూరులో డాక్టరమ్మకు నా గొంతు సంగతి చెప్పినాను. ఆమె చెవి దగ్గర పెట్టి విన్నది. "కరెంటు పక్కనున్న నరాలకు కూడా కొంచెం తగులుతోంది. తగ్గించి చూద్దాం," అంది.

"తగ్గిస్తారేంది మేడం, పెంచాల కదా," అన్నాడు మా ఆయన. "లో వోల్టేజీ ఉంటేనే కదా లైట్లు సన్నగా వెలిగేది."

"ఇది బల్బు కాదు సార్."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని కొద్దికొద్దిగా తగ్గిస్తా, నన్ను మాట్లాడమంటా పోయింది. ఒక చోట నా గొంతు తిరిగొచ్చింది. పాతది పూర్తిగా కాదు, కానీ గదిలో అందరికీ వినిపించేంత. అదే చోట నా కుడిచెయ్యి సన్నగా మొదలుపెట్టింది. ఆమె కొంచెం పెంచింది, చెయ్యి ఆగింది, గొంతు మునిగింది. తగ్గించింది, గొంతు తేలింది, చెయ్యి కదిలింది. తీగలో కరెంటు పోయే చోటు మార్చి కూడా చూసింది, కాస్త మేలు, అంతే. చాలాసేపు అట్లా ఆడించి చివరికి, "రెండు రకాలుగా పెట్టి ఇస్తాను. ఒకటి చేతి పనికి మంచిది, ఒకటి మాటకు మంచిది. రిమోటులో మీరే మార్చుకోవచ్చు. ఎప్పుడు ఏది కావాలో మీరే చెప్పాలి," అంది.

"మాటదే పెట్టండి ఇప్పుడు," అన్నాను.

మా ఆయన తట్టుకోలేకపోయినాడు. "ఇంత అవస్థ పడి చేయించుకున్నాక, మళ్లీ చెయ్యి వణకడమేంది? చూసినోళ్లు ఆపరేషన్ ఫెయిలైందనుకుంటారు."

"అనుకోనీప్పా."

"ఇంట్లో ఎవరున్నారు నీకు మాట్లాడేకి?"

"నువ్వుండావు," అన్నాను. "నీతోనే శానా మాట్లాడాల్సింది ఉంది. చిలమత్తూరోళ్లు వచ్చిన రోజు నేను నీళ్లు అడగలేదు. ఏమన్నానో ఇప్పుడు చెప్తా, విను."

డాక్టరమ్మ ముందరే చెప్పినాను. కూతురి ముందరే చెప్పినాను. ఆరోజు గుసగుసగా పోయిందంతా ఇప్పుడు గదినిండా పలికింది. ఆయన కింద చూస్తా కూర్చున్నాడు. డాక్టరమ్మ కంప్యూటర్ వైపు తిరిగి, లేని పనేదో చేసుకుంది. అయిపోయినాక ఆయన, "సరే," అన్నాడు. సరేలే అనలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. అంతా బాగైపోయిందని చెప్పేందుకు లేదు. వంట చేసేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు చేతి పనిది పెట్టుకుంటాను. ఎవరైనా వచ్చినా, ఫోన్ వచ్చినా మాటది పెట్టుకుంటాను. మార్చడం మర్చిపోతాను ఒక్కోసారి, అప్పుడు పాలు పోసే ఆమెతో చేతులతో సైగలు చేస్తాను. వంటింటి గడప దగ్గర పోయిన వేసవిలో పడినాను, మణికట్టు వాచింది. తూలు పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది, అయినా మా ఆయన నెల రోజులు ఆపరేషన్‌ను తిట్టినాడు. వదిన ఫోన్ చేసి, చెయ్యి మళ్లీ వణుకుతాందంట కదా అని అడిగింది, ఈసారి నన్నే. వణుకుతాంది వదినా, నీతో మాట్లాడాలంటే వణకాల అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, చెప్పడం మొదలుపెడితే సగంలో కోడలు పిలుస్తాందని పెట్టేసింది.

గొంతుకు కసరత్తులు నేర్పే ఆమె ఒకరు ఉన్నారు ఆసుపత్రిలో. రోజూ పొద్దున గట్టిగా ఏదైనా చదవమంది. మీ ఇంట్లో ఎవరికి వినపడటం లేదు అని అడిగింది. మా ఆయనకు అన్నాను. ఆయన చెవులు కూడా చూపించండి అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెవికి మిషన్ పెట్టుకుంటే కాలం చెల్లినోని లెక్క కనపడతాడట. తలలో తీగతో నేను ఎట్ల కనపడతాండానో ఆయన ఆలోచించలేదు. ఇంకా చెవులు చూపించుకోలేదు. నేనూ రోజూ చెప్తానే ఉన్నాను.

పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతాను. మొదటిరోజు గోడకవతల ఉండే టైలరు భార్య తల పైకెత్తి, "అక్కా, ఎవర్ని తిడతాండావు?" అని అడిగింది.

"ఎవర్నీ లేదు. పేపరు చదువుతాండా."

"అట్లనా. శెనక్కాయల రేటు ఎంత ఉండాదో చూడు."

చూసి చెప్పినాను. వానల గురించి ఏమైనా రాసినారా అంది. రాసినారు, రాదని రాసినారు అన్నాను. ఆమెకు కంట్లో పొర ఉంది, అక్షరాలు కనపడవు. అప్పట్నుంచి పనులు కాస్త ఆపుకుని గోడ దగ్గర నిలబడుతుంది. జిల్లా పేజీ మొత్తం చదివించుకుంటుంది. చావు కబుర్లు కూడా వదలదు. నా చేతిలో పేపరు గలగలమంటా ఉంటుంది, రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంటాను.

లోపల్నుంచి మా ఆయన, "గట్టిగా చదువు, ఈడికి వినపళ్లేదు," అంటాడు.

"వినాలంటే లేచి బయటికి రా," అంటాను.

రాడు. టైలరు భార్య, తర్వాత ఏముండాది అక్కా అంటుంది. పేజీ తిప్పుతాను.